నేలమాళిగలో పాత ఫ్రిజ్

ఫ్రిజ్ తలుపులు బిగించడంలోనే డోరీన్ హడాక్ వయసంతా కరిగిపోయింది. సరస్సు ఒడ్డునున్న ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక కరెంటు కంపెనీలో చేరింది. ఇప్పుడు అవే ఫ్రిజ్‌లను ఇళ్లలోంచి మోసుకొచ్చి తుక్కుకు పంపడం ఆమె పని. పాతవి కరెంటు తెగ తాగుతాయి. వాటిని తీసేయించి ఇంత బొగ్గు మిగిల్చామని కంపెనీ ఏటా నివేదికలో చెప్పుకుంటుంది. మోసేవాళ్ల మోకాళ్ల సంగతి అందులో ఉండదు.

ఆ జనవరి ఉదయం మంచులో లారీ ఆపి, తోటి పనివాడు లమార్‌తో కలిసి ఎడ్మండ్ ప్రిబిల్ ఇంటి నేలమాళిగలోకి దిగింది. ఎనభై దాటిన మనిషి. ఇంతకుముందు రెండుసార్లు రమ్మని, తీరా గుమ్మం దాకా వచ్చాక మనసు మార్చుకుని పంపేశాడు. ఈసారి మెట్ల మీది సామాను తీసి దారి చేసి ఉంచాడు.

"అద్దంలా తుడిచిపెట్టా అమ్మాయ్. మీకు శ్రమెందుకని పోయినవారమే ప్లగ్గు కూడా పీకేశా."

డోరీన్, లమార్ మొహమొహాలు చూసుకున్నారు. కంపెనీ నియమం ప్రకారం నడుస్తున్న ఫ్రిజ్‌నే తీసుకోవాలి. ఆగిపోయినదాన్ని తీస్తే మిగిలే కరెంటేముంది? ఆమె మళ్లీ ప్లగ్గు పెట్టి చూసింది. ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఊరుకుంది. కాసేపాగి ఇంకోసారి పెడితే ఆ గుర్రు కూడా లేదు.

"ఏనాడూ ఆగలేదమ్మా ఇది. నేనే చంపేశానా?"

"వయసైపోయింది పెద్దాయనా. అలిసిపోయింది, అంతే."

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, "లెక్కలోకి రాదు, వదిలేసి వచ్చెయ్," అన్నాడు. వాదించే ఓపిక ఆమెకు లేదు. ఆ మాటే ముసలాయనకు చెప్పింది.

"ఇల్లు అమ్మేశానమ్మా. కొన్నవాళ్లు నేలమాళిగ ఖాళీ చేసివ్వమన్నారు," అని మాత్రం అని, ఆయన ఫ్రిజ్ తలుపు మెల్లగా మూశాడు.

లారీ కదిలాక లమార్ అన్నాడు. "శనివారం నాకు పనుంది. ముందే చెప్తున్నా."

"నేనేమీ అడగలేదుగా."

"అడుగుతావు. నీ మొహం నాకు తెలీదూ."

శనివారం, సెలవు రోజున, ఇద్దరూ లమార్ సొంత బండిలో ప్రిబిల్ ఇంటికి వచ్చారు. మెట్టుమెట్టుకీ ఆగుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఫ్రిజ్‌ను పైకి తెచ్చారు. సగంలో డోరీన్ మోకాలు పట్టేసింది.

"కిందికి దించేద్దామా?"

"దించితే మళ్లీ ఎత్తలేను. పట్టు."

ముసలాయన వాళ్లకు పులియబెట్టిన క్యాబేజీ, సాసేజీలు వేడిచేసి పెట్టాడు. తాను తినలేదు. ఖాళీ అయిన మూలను చూడటానికి ఒకసారి కిందికి వెళ్లొచ్చాడు. తుక్కు దుకాణంలో ఫ్రిజ్ దించి డోరీన్ ఇల్లు చేరేసరికి పొద్దు గూకింది. బూట్లు విప్పుకునే ఓపిక కూడా లేక కుర్చీలో అలాగే కూలబడింది. సోమవారం మళ్లీ ఇంకో ఇల్లు, ఇంకొన్ని మెట్లు.

మంచు కరిగాక కంపెనీ సభ పెట్టింది. ఆ ఏడాది తీయించిన ఫ్రిజ్‌లు, మిగిలిన బొగ్గు, తగ్గిన పొగ, అన్నీ ఒక అధికారి చదివి వినిపిస్తున్నాడు. చప్పట్లు మోగాయి. వెనక వరసలో కునుకుతున్న డోరీన్‌ను లమార్ మోచేత్తో పొడిచాడు.

"లే. మన గురించే చెప్తున్నారు."

"చెప్పనీ. భోజనాలప్పుడు లేపు," అంది ఆమె కళ్లు తెరవకుండానే.