లీలారాణి కంప్యూటర్‌కి ఇంజిన్ మార్చిన సంగతి

నా ముందు ఫార్మాట్ అనే మాట ఎత్తకండి. ఎత్తితే మీ వయసూ చూడను, మీ హోదా చూడను, ముందే చెబుతున్నాను. సాలూరు లారీ షెడ్లలో ముప్పై ఏళ్లు ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ని. ఎజ్రా మేస్త్రి నోరు మంచిది కాదని అక్కడ ఎవర్నడిగినా చెబుతారు. నిజమే, కాదనను. కానీ రెండువేల పద్నాలుగు నవంబరులో ఆ కంప్యూటర్ షాపులవాళ్లతో నేను పడ్డ బాధ మీరు పడుంటే మీ నోరూ ఇలాగే తయారయ్యేది.

అయినా ఇది నా గొప్ప చెప్పుకోడానికి కాదు, మా ఆవిడ లీలారాణి సంగతి. నాకు మేనమామ కూతురు. మా ఇంటి ముందుగదిలో టైపు సెంటరు నడుపుతుంది. బడి ప్రశ్నపత్రాలు, శుభలేఖలు, మండలాఫీసుకి పెట్టుకునే అర్జీలు, అన్నీ ఆమె వేళ్ల మీదుగా వెళ్లాల్సిందే. ఆమెకి కోపం రాదు. మా ఇద్దరికీ పంచాల్సిన కోపమంతా దేవుడు నాకొక్కడికే ఇచ్చేశాడు.

తొమ్మిదేళ్లుగా ఆమె ఇంకో పని కూడా పెట్టుకుంది. మా బాప్టిస్టు సంఘంలో పెద్దవయసు ఆడవాళ్లు ఊడ్పుల్లోనూ, తిరగలి దగ్గరా ప్రభువు మీద సొంతంగా పాటలు కట్టి పాడుకునేవారు. ఏ పుస్తకంలోనూ లేని పాటలు. లీలారాణి ఒక్కొక్కరినీ పిలిచి, టీ ఇచ్చి, కంప్యూటర్ పక్కన కుర్చీ వేసి పాడించేది. వాళ్లు పాడుతుంటే ఈవిడ నేరుగా టైపు చేసేది. కాగితం, కలం లేవు. అలా రెండువందల అరవై మూడు పాటలయ్యాయి. ఆ పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు సమాధుల తోటలో ఉన్నారు. మిగతావాళ్లు పోకముందే పుస్తకం వేసి చేతిలో పెట్టాలని ఆవిడ ఆశ.

ఆ తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ రాజమండ్రి ఆయనొకరు సొంతంగా తయారుచేసి, తానే వచ్చి ఎక్కించి వెళ్లాడు. దానికో తాళం పెట్టాడు. ఏ డిస్కులో ఎక్కించాడో ఆ డిస్కు నంబరు సరిపోతేనే అది తెరుచుకుంటుంది. ఫార్మాట్ చేస్తే, అంటే డిస్కు మొత్తం తుడిచేస్తే, నంబరు మారిపోతుంది. కొత్త తాళంచెవి ఇవ్వడానికి ఆ మహానుభావుడు లేడు, పోయి నాలుగేళ్లయింది. పాటల ఫైళ్లు ఇంకే ప్రోగ్రాములో తెరిచినా డబ్బాలూ ప్రశ్నార్థకాలూ తప్ప అక్షరం కనపడదు. కాబట్టి ఫైళ్లు దాచినంత మాత్రాన సరిపోదు, ఆ విండోస్‌ని, అందులో ఎక్కి ఉన్న సాఫ్ట్‌వేర్‌ని ఉన్నది ఉన్నట్టు దక్కించుకోవాలి. పదో తరగతి తప్పిన లారీ మేస్త్రికి ఇది ఒక్కసారి చెబితే అర్థమైంది. ఇంజినీరింగు చదివామని గోడకి పటాలు కట్టుకున్నవాళ్లకి అర్థం కాలేదు.

హుద్‌హుద్ తుఫాను వెళ్లాక కరెంటు పోతూ వస్తూ, ఒక మధ్యాహ్నం ఒక్క ఊపుతో వచ్చి, మదర్‌బోర్డుని కాల్చేసింది. డిస్కు బతికింది. అలాంటి బోర్డు ఇప్పుడు దొరకదట, కొత్త రకం వేయాలట. సరే వేయించుకుందామని మెషీను మోసుకుని విజయనగరం వెళ్లాం.

మొదటి షాపువాడు మూత తీసి చూసి, "బోర్డు మార్సి, ఫార్మాట్ కొట్టి, కొత్త విండోస్ ఏసేస్తాం. సాయంత్రం రండి" అన్నాడు.

"ఫార్మాట్ వద్దు బాబూ" అంది లీలారాణి.

"మీ డేటా ఎక్కడికీ పోదండి. ముందే కాపీ తీసి పక్కనెడతాం."

"డేటా ఉంటాది గాని, దాన్ని తెరిసే సాఫ్ట్‌వేర్ పోతాది గదా."

"పోతే కొత్తది ఏయించుకోండి. ఇంకా ఈ పాత విండోస్ ఎక్స్‌పీ ఏటండి, మ్యూజియంలో ఎడతారేటి?"

నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరే, లారీకి ఇంజిను పోతే ఇంజినే మారుస్తాం. కేబినూ, బాడీ పీకి పారేసి కొత్త లారీ కొనుక్కోమంటామేట్రా? నీకు సదువు సెప్పినోడెవుడ్రా?" అని వీధి వీధంతా వినపడేలా అరిచాను. లీలారాణి నా చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చింది. రెండో షాపువాడు మేము చెప్పేది సగం కూడా వినకుండానే కొత్త విండోస్ సీడీ చేతిలోకి తీసుకున్నాడు. వాణ్ని ఏమన్నానో ఇక్కడ రాయడం బాగుండదు.

మూడోవాడు రమేష్‌బాబు, కోట దగ్గర మేడమీద చిన్న గదిలో రిపేర్లు చేస్తాడు. ఇతను మాత్రం కుర్చీలు వేసి మొత్తం విన్నాడు. నేను మా షెడ్డు పద్ధతి చెప్పాను. లారీ విప్పితే ఓనరు పక్కనే నిలబడతాడు, విప్పిన ప్రతి ముక్కా అతని కళ్లముందు గుడ్డమీద పరుస్తాం. "ఏటి ముట్టుకున్నా మాకు సెప్పి ముట్టుకో నాయినా" అన్నాను. అతను ఒప్పుకుని, ముందుగా డిస్కు మొత్తాన్ని, నంబరుతో సహా, ఇంకో డిస్కులోకి అచ్చు దించాడు. అసలు డిస్కుని లీలారాణి తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

అచ్చు దించిన డిస్కుని కొత్త బోర్డుకి తగిలించాడు. తెర నీలంగా మారింది, ఏవో ఇంగ్లీషు అక్షరాలు, మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారీ అంతే, ఐదోసారీ అంతే.

"ఇది పాత బోర్డునే ఎతుకుతన్నాది బాబాయ్" అన్నాడు రమేష్‌బాబు నీరసంగా. "ఆకరికి ఫార్మాటే గతేమో."

బల్లమీద ఒక్కటి గుద్దాను. స్క్రూలన్నీ కిందపడ్డాయి. "మీకందరికీ ఒకటే మంతరమా? తొమ్మిదేళ్ల పాటలురా! ఎవుడో ఒకడు ముందే ప్రింటు తీయించుంటే ఈ గొడవుండునా?"

"ఆ ఎవుడో నువ్వే బావా" అంది లీలారాణి.

అరవలేదు. కానీ ముక్కుపుటాలు అదురుతున్నాయి. పాతికేళ్ల కాపురంలో ఆ ముఖం నేను చూడలేదు.

"మూడుసార్లు అడిగినాను. ఒక కట్ట కాగితం, ఒక టోనరు తెచ్చెట్టు, రెండ్రోజులు సెంటరు మూసి పాటలన్నీ ప్రింటు తీసేస్తాను అని. ముసలమ్మల పాటలు ఎక్కడికి పారిపోతాయి, ఇప్పుడేటి తొందర అన్నావు. పుస్తకమైనప్పుడు సూద్దారి అన్నావు. ఇప్పుడు ఊరందరి మీదా పడి అరుస్తన్నావు. వల్లకో ఇంక, అరవకు. ఆ పిల్లోణ్ని పని సేసుకోనీ."

అన్నాను, మూడుసార్లూ అన్నాను. కిందకి వంగి స్క్రూలు ఏరాను.

ఆమె రమేష్‌బాబు వైపు తిరిగి, "పాత బోర్డు డిస్కుని ఏ పద్ధతిలో సదివేదో, ఈ బోర్డుకీ అదే పద్ధతి ఎట్టగలవా బాబూ?" అని అడిగింది. అతను నెత్తిన కొట్టుకుని, బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఏదో మార్చాడు. ఈసారి నీలం తెర రాలేదు, విండోస్ బొమ్మ దాకా వచ్చి ఆగింది. అప్పుడు ఎక్స్‌పీ సీడీ పెట్టాడు. అందులో రెండు దార్లున్నాయట, ఉన్నదాన్ని తుడిచి కొత్తగా వేయడం ఒకటి, ఉన్నదాన్నే బాగుచేయడం ఇంకొకటి. అందరూ అలవాటుగా మొదటిదే నొక్కుతారట. అతను రెండోది నొక్కే ముందు మా ఇద్దరినీ పిలిచి చూపించి నొక్కాడు. ముప్పావుగంట పట్టింది. తర్వాత ఆ విండోస్ అసలుదేనని రుజువుకి, కంపెనీకి ఫోన్ చేసి తెరమీది బారెడు నంబరు చదివి వినిపించమంది. లీలారాణి ఒక్కో అంకే నిదానంగా చదివింది.

సాఫ్ట్‌వేర్ బొమ్మమీద నొక్కింది. తెరుచుకుంది. పాటలన్నీ వరసగా, తెలుగులో, ఒక్క వొత్తు కూడా చెదరకుండా ఉన్నాయి. "ప్రభువా" అని కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"ఇక్కడే ప్రింటు తీసేయండి పిన్నీ" అని రమేష్‌బాబు తన ప్రింటర్‌కి తగిలించాడు. కాగితాలు ఒకటొకటే వస్తున్నాయి. లీలారాణి అన్నిటినీ ఒడిలో పెట్టుకుంటూ, నూటపద్దెనిమిదో పాట మాత్రం తీసి నా చేతికిచ్చింది. కింద "పాడినవారు: సుభద్రమ్మ, సాలూరు" అనుంది.

మా అమ్మ. పోయి మూడేళ్లయింది. ఆ కుర్చీలో మా అమ్మ కూర్చుని పాడిందని నాకు తెలియనే తెలియదు.

"తిరగలి తిరిగితే పిండి రాలతాది,
నా కొడుకు తిరిగితే తిట్టు రాలతాది.
సల్లని తండ్రీ, ఆడి నోటిమీద
నీ సెయ్యొకసారి ఎట్టి ఎల్లు."

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనపడలేదు.

"ఇదెప్పుడు పాడిందే?" అన్నాను.

"మొదటిసారి నిన్ను కాగితాలు అడిగిన రోజు. నువ్వు నామీద అరిసేసి షెడ్డుకి ఎల్లిపోనావు. అత్త వచ్చి కూకుని, రాసుకోవే అంది."

ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి మేడమెట్ల మీద కూలబడ్డాను. ఒళ్లంతా మండిపోతోంది. తిట్టడానికి చుట్టూ చూస్తే నేను తప్ప ఎవరూ లేరు.