తల తుంచిన బంతి మొక్కలు

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కూర్చున్న పిల్లను కాను. అన్నం తింటూ రెండుసార్లు లేచేదాన్ని, జడ వేస్తుంటే నాలుగుసార్లు తల తిప్పేదాన్ని. కాలు కాలిన పిల్లి అని మా మేనత్త నాకు పేరు పెట్టింది. అరవై దాటినా ఆ గుణం పోలేదు. ఇప్పుడు నార్సింగిలో మా బిడ్డ వాళ్ళ పదకొండో అంతస్తు ఇంట్లో ఉంటున్నాను. బాల్కనీలో పెయింటు డబ్బాల్లో బంతి మొక్కలు పెట్టాను. పొద్దున్నుంచి వాటి దగ్గరికి ఎన్నిసార్లు పోయివస్తానో నాకే తెలియదు. పోసిన డబ్బాలోనే మళ్ళీ నీళ్ళు పోస్తున్నానని మా అల్లుడు నవ్వుతాడు. పురుగు పట్టిందేమో చూస్తున్నాననుకుంటాడు. మొక్క జానెడు దాటిందంటే నా వేళ్ళు దాని తలకోసం వెతుకుతాయి, అదీ సంగతి. ఎందుకో చెప్పాలంటే ఖాజాగూడకు పోవాలి. ఇప్పటి ఖాజాగూడకు కాదు.

అప్పుడది బండల నడుమ ఊరు. ఒక చెరువు, చెరువు పక్కన ఏనుగంత బండలు, కొన్ని ఇళ్ళు, జొన్న చేలు. బస్సు ఎక్కాలంటే చేల వెంబడి చాలా దూరం నడిచి రోడ్డుకు పోవాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వానలు మొదలైన రోజుల్లో, మా అమ్మకు దగ్గు పట్టుకుంది. కొంగులో నెత్తురు కనపడిన రోజు మా నాయిన ఆమెను బండిలో కూర్చోబెట్టి పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. ఊపిరితిత్తుల జబ్బని, నెలల తరబడి అక్కడే ఉండాలని, పిల్లలను లోపలికి రానివ్వరని చెప్పారట. అదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒకటే. అమ్మ మంచాన్ని ఎవరో గోడకు నిలబెట్టారు.

ఇల్లు చూసుకోవడానికి మా మేనత్త వచ్చింది. నాయినకు అక్క, ఊళ్ళోనే ఆ చివర ఒంటరిగా ఉండేది. మా అమ్మకూ ఆమెకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఒక రాగి బిందె దగ్గర మొదలైన తగవు అది, బిందె సొట్టపోయింది గానీ తగవు పోలేదు. బావి దగ్గర ఎదురైతే ఇద్దరూ చేంతాడుతో మాట్లాడేవారు. 'కొందరికి బిందె దించే తీరే తెల్వది' అని ఈమె చేంతాడుకు చెబితే, 'కొందరికి నోరు మూసే తీరు తెల్వది' అని ఆమె చేంతాడుకు చెప్పేది. అలాంటి మనిషి మా పొయ్యి ముందు కూర్చుంటే నాకు నచ్చలేదు.

అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే నాయిన వచ్చే ఆదివారం అనేవాడు. ఆదివారం పోతే పై ఆదివారం. ఇరుగు పొరుగువాళ్ళు రేపో ఎల్లుండో అనేవారు. నేను రోజుకు రెండుసార్లు చేల వెంబడి ఉరికేదాన్ని. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఒక్కదాన్నే రోడ్డుదాకా పోయి, వచ్చిన ప్రతి బస్సునూ చూసి, అరికాళ్ళు బొబ్బలెక్కి తిరిగొచ్చాను. అత్త నన్ను కూర్చోబెట్టింది. కాళ్ళకు ఆముదం రాసింది. మర్నాడు పొద్దున మోదుగాకులో చుట్టి పన్నెండు బంతి నారు మొక్కలు తెచ్చింది. స్నానాలు చేసే జలకాల బండ పక్కన, వాడిన నీళ్ళు పారే చోట, నాచేతనే గుంతలు తీయించి నాటించింది.

"ఇవి పూసేటాల్లకు మీ అవ్వ వస్తది," అంది. మా ఊళ్ళో అవ్వ అంటే అమ్మే.

ఇక నా పరుగు రోడ్డు నుంచి ఆ మొక్కల మీదికి మళ్ళింది. వేపపుల్లతో వాటిని కొలిచేదాన్ని. పొద్దున కొలిచింది మధ్యాహ్నం, మధ్యాహ్నం కొలిచింది సాయంత్రం. త్వరగా పెరుగుతాయని చెంబులకు చెంబులు నీళ్ళు పోస్తే ఒక మొక్క కుళ్ళి పడిపోయింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. పన్నెండింటిలో ఒకటి పోతే అమ్మలో ఎంత పోయినట్టో ఆ వయసులో ఎవరిని అడగాలి?

మొక్కలు జానెడు దాటి, నాలుగు వేళ్ళు పెరిగాయి. ఒక ఆదివారం నాయిన దవాఖాన నుంచి వచ్చి కొట్టంలో అత్తతో మెల్లగా ఏదో మాట్లాడాడు. తర్వాత తొట్టి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున నేను ఇంట్లో ఉండగా బయట చిటుక్, చిటుక్ అని చప్పుడైంది. వచ్చి చూస్తే మా అత్త వరస వెంబడి వంగి, గోళ్ళతో ఒక్కొక్క మొక్క తల తుంచుతోంది. లేత చివుళ్ళు నేలమీద పడి ఉన్నాయి. నేను పోయేసరికి చివరిది ఒక్కటే మిగిలింది. కోడిపిల్లలను కమ్మే గంప తెచ్చి దాని మీద బోర్లించి, దాని ముందు నిలబడ్డాను. లోపల కోడి పొదుగుతోందని అబద్ధం చెప్పాను. అత్త గంపను చూసింది, నన్ను చూసింది. లోపలికి పోయింది.

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. పూలు పూస్తే అమ్మ వస్తుంది. అమ్మ రావడం ఈమెకు ఇష్టం లేదు, రాగి బిందె తగవు ఇంకా మరచిపోలేదు. అందుకే తలలు తుంచింది. ఎవరికి చెప్పాలి? నాయిన ఆమె తమ్ముడు. రెండు రోజులు ఆమె చేతి అన్నం ముట్టలేదు, పెరట్లో పచ్చి వేరుశనక్కాయలు పీకి తిన్నాను. తుంచిన మొక్కలవైపు తర్వాత కన్నెత్తి కూడా చూడలేదు. అవి చచ్చినట్టే లెక్క నాకు. గంప కింది మొక్క ఒక్కదాన్నే చూసుకున్నాను. పగలంతా గంప తీసి కాపలా ఉండేదాన్ని, అత్త అలికిడైతే కప్పేదాన్ని.

అది నిటారుగా ఒంటి కొమ్మతో ఎదిగింది. ఒక్క మొగ్గ తొడిగింది. ఆ మొగ్గ పగలకుండా నన్ను పెట్టిన బాధ అంతా ఇంతా కాదు. వేలితో విప్పబోయి, మళ్ళీ భయపడి ఆగాను. చివరికి భాద్రపదంలో ఒక పొద్దున అది విచ్చుకుంది. పచ్చటి పువ్వు, నా పిడికిలంత.

నేను స్నానం చేసి, నా జడ నేనే వంకరగా వేసుకుని, ఆకుపచ్చ లంగా కట్టుకున్నాను. గోడకు నిలబెట్టిన అమ్మ మంచాన్ని కిందికి వాల్చి, బొంత పరిచాను. పోయి చెరువు పక్కన అన్నిటికన్నా ఎత్తు బండ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి చేల దారి రోడ్డుదాకా కనపడుతుంది. ఒక్కచోట అంతసేపు కూర్చోవడం నా బతుకులో అదే మొదటిసారి. రెండు బండ్లు వచ్చాయి, అందులో అమ్మ లేదు. గొర్రెల మంద వచ్చింది. ఎండ నెత్తిమీదికి వచ్చి, పడమటికి వాలింది. చచ్చిపోయిందేమో అన్న మాట అప్పుడు మొదటిసారి నా మనసులోకి వచ్చింది.

మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మా అత్త చేతులు ఆనించుకుంటూ ఆ బండ ఎక్కి వచ్చింది. పక్కన కూర్చుని ఆయాసం తీర్చుకుంది. ఆమె మంచం చూసే వచ్చిందని నాకు తెలుసు.

"పువ్వు పూసింది," అన్నాను. "అవ్వ రాలే."

ఆమె చెరువు వైపు చూసింది. "నేను అబద్ధం చెప్పిన బిడ్డా. పువ్వుకు మీ అవ్వ సంగతేం తెలుసు?"

"మరి తలలెందుకు తుంచినవ్? అవ్వ రావొద్దనే గద?"

ఆ మాటకు ఆమె నావైపు తిరిగింది. నేను ఇన్నాళ్ళూ ఏమనుకున్నానో అప్పుడు ఆమెకు తెలిసింది. కోప్పడలేదు.

"ఇంకా నెలలు పడుతదన్నడు మీ నాయిన. నీకేం చెప్పాలె? నాకేం తోచలే. తల తుంచితే పూత ఎనుకకు పోతది. జర పువ్వునన్న ఆపుదామనుకున్న."

"అవ్వ వస్తదా, రాదా?"

"తెల్వది," అంది మా అత్త.

పెద్దవాళ్ళెవరూ అంతవరకు నాతో ఆ మాట అనలేదు. రేపన్నారు, ఎల్లుండన్నారు, ఆదివారమన్నారు. ఆ మాటలన్నీ పట్టుకోబోతే జారిపోయాయి. ఈ మాట మేం కూర్చున్న బండలాగే గట్టిగా, వేడిగా ఉంది. కానీ దానిమీద కూర్చోవచ్చు. అప్పుడు ఏడ్చాను. ఆమె ఆపలేదు. ఏడుపు అయ్యాక, తుంచిన మొక్కలు ఇంకో పదిరోజుల్లో పూస్తాయని, అవి కోసుకుని మనమే దవాఖానకు పోదామని చెప్పింది. లోపలికి రానివ్వరు గదా అన్నాను. "గేటు దాంక రానిస్తరు గద," అంది.

ఇంటికి పోయి నెల తర్వాత మొదటిసారి ఆ మొక్కలను చూశాను. తల తుంచిన ప్రతిచోటా, ఆకు సందుల్లోంచి కొత్త కొమ్మలు చేతులు చాచినట్టు వచ్చాయి. ప్రతి కొమ్మకూ మొగ్గలు. నా ఒంటికొమ్మ మొక్క వాటి పక్కన గడకర్రలా ఉంది.

మా ఊళ్ళో బంతిపూలంటే తొడిమ దగ్గర తెంపేవారు. గడపకు, దేవుడికి, బతుకమ్మకు తలలే కావాలి, కాడతో ఏం పని? మా అత్త మాత్రం పడుచుతనంలో పట్నంలో ఒక నవాబు బంగళా తోటలో పనిచేసింది. అక్కడ పూలను మూరెడు కాడతో కోసి గాజు కూజాల్లో పెట్టేవాళ్ళట. తల తుంచడం కూడా అక్కడ నేర్చిందే. పండుగ మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు, ఎండ రాకముందే, కొడవలి నా చేతికిచ్చి నా చెయ్యి తాను పట్టుకుని కోయించింది. కింది ఆకులు నీళ్ళలో మురుగుతాయని తీసేయించింది. కోసిన కాడను కోసినట్టే బకెట్ నీళ్ళలో మెడదాకా ముంచి, చీకటి కొట్టంలో పెట్టించింది. బతుకమ్మకు పూలడగడానికి వచ్చిన పక్కింటావిడ ఆ బకెట్ చూసి ముక్కున వేలేసుకుంది.

"కాడలతోని కోసినవేంది? దవాఖానల బతుకమ్మ పేరుస్తవా ఏంది?" అంది.

"నీకు గుట్టనిండ తంగేడున్నది, పో," అని తలుపు దగ్గరకు వేసింది మా అత్త.

మర్నాడు ఆ పూలను తడి గోనెలో చుట్టి, నేనే ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. దవాఖాన ఆవరణలో ఒక వేపచెట్టు దాకా పోనిచ్చారు. అక్కడికి పది పదిహేను అడుగుల దూరంలో కటకటాల వరండా. నాయిన పూలు తీసుకుని లోపలికి పోయాడు. కొంచెంసేపటికి అమ్మ వరండాలోకి వచ్చింది. ఎంత చిక్కిపోయిందంటే ముందు గుర్తుపట్టలేదు. పూలను గుండెలకు ఆనించుకుని ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, జడ ఎవరు వేశారని సైగ చేసింది. తర్వాత పూలవైపు చూసి, ఒక కాడను వేళ్ళతో తడిమింది.

"తల తుంచిన కొమ్మలు. ఇది వదినె చెయ్యే," అంది. గొంతు పీలగా ఉంది. "వచ్చిందా?"

మా అత్త చెట్టు వెనక నిలబడి ఉంది. కొంగు తలమీదికి లాక్కుని ఇవతలికి వచ్చింది. రెండేళ్ళ తర్వాత, చేంతాడు లేకుండా, మా అమ్మతో నేరుగా మాట్లాడింది.

"దినాం కాడలు జరంత కొయ్యి. నీళ్ళు మార్చు. పదిదినాలుంటయ్," అంది.

"మారుస్త," అంది అమ్మ.

అంతే వాళ్ళు మాట్లాడుకుంది. ఊరికి పోయేదారిలో అత్త బస్సులో కిటికీవైపు ముఖం తిప్పుకునే ఉంది.

తర్వాత రెండుసార్లు పూలు తీసుకుపోయాం. కోసినకొద్దీ అవి పూస్తూ ఉన్నాయి. నేను కోయకుండా దాచుకున్న ఒంటి పువ్వు మాత్రం విత్తనమైపోయి, దాని మొక్క అంతటితో ఆగిపోయింది. అమ్మ దీపావళి దాటాక, చలి ముదిరినప్పుడు ఇంటికి వచ్చింది. ఆ రోజు మా పెరట్లో ఒక్క పువ్వు లేదు. మొక్కలు ఎండిపోతే పీకి మేకలకు వేశాం. మంచం మాత్రం నేను వాల్చిన చోటే ఉంది. తర్వాత కూడా వదినా మరదళ్ళు ఎన్నోసార్లు పోట్లాడుకున్నారు, కానీ ముఖాముఖి పోట్లాడుకున్నారు.

చెరువు పక్కన ఆ ఎత్తు బండ ఇప్పుడు లేదు. పగలగొట్టి అక్కడ అద్దాల మేడ కట్టారు. మా బిడ్డ పనిచేసేది అలాంటి మేడలోనే, మా బాల్కనీ నుంచి చూస్తే మెరుస్తూ కనపడుతుంది. సాయంత్రమైతే నా ఏడేళ్ళ మనవరాలు బాల్కనీ కమ్మీ పట్టుకుని కింద కార్ల వరసను చూస్తూ, కూర్చోదు, నిలబడదు. అచ్చం నా గుణమే. ఫోన్ చేస్తే తల్లి అరగంట అంటుంది. గంటకు చేసినా అరగంటే అంటుంది.

"అమ్మమ్మా, మమ్మీ ఎప్పుడొస్తది?" అని అది నన్ను అడుగుతుంది. నా నోటిదాకా ఇదిగో వచ్చేస్తుందన్న మాట వస్తుంది. నాకూ లోపల కాలు నిలవదు, నేనూ ఆ కార్ల వరసనే చూస్తుంటాను. కానీ ఆ మాట మింగేసి, తెలియదు బిడ్డా అంటాను. అని, దాని చేతికి కత్తెర ఇస్తాను. తల్లి గదిలో పెట్టడానికి ఆ పూటకు విచ్చిన బంతిపూలను మూరెడు కాడతో ఎలా కోయాలో, దాని చెయ్యి పట్టుకుని చూపిస్తాను.