ఇరవై సేర్ల రాయి

కూరగాయల బండి దగ్గర తూకం వేస్తుంటే నేను రాయి తీసుకుని తిరగేసి చూస్తాను. బండివాడికి ఒళ్లు మండుతుంది. "ఏంది సారూ, మా మీద నమ్మకం లేదా?" అంటాడు. లేదు. లోకంలో ఏ రాయి మీదా నాకు నమ్మకం లేదు.

మెట్రిక్ చదివే రోజుల్లో నేను జాకీ కావాలనుకున్నాను. నవ్వకండి. వరంగల్‌లో బియ్యం కొట్టు షావుకారి కొడుకు పందెపు గుర్రం ఎక్కుతాడా అని బజారంతా అప్పుడే నవ్వింది, అది చాలు. మడికొండ దారిలో ఒక ముసలి ఉస్తాద్ ఉండేవాడు. హైదరాబాద్ పందేల్లో ఏళ్ల తరబడి స్వారీ చేసి, నడుము దెబ్బతిని, రెండు గుర్రాలతో ఇటు వచ్చేశాడు. నన్ను చూసి, "పొట్టిగున్నవ్, భయం లేదు. పనికొస్తవ్ బేటా," అన్నాడు. పొట్టివాడని వెక్కిరించినవాళ్లే గానీ, అందుకే పనికొస్తానన్నవాడు అంతకుముందు ఒక్కడూ లేడు.

పొద్దున్నే సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, గుర్రాలకు మాలిష్ చేసి, స్వారీ చేస్తూ గణిత సూత్రాలు వల్లించి, పదింటికి బడిలో ఉండేవాణ్ణి. లెక్కల సారు ముక్కు మూసుకునేవారు. "ఏం రా, ఇంట్లకెల్లి వస్తున్నవా, లాయంలకెల్లి లేచొస్తున్నవా?" అని అడిగేవారు.

బాపు మాత్రం వద్దనలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది. "చదువు ఆగొద్దు. ఉస్తాద్ చెప్పిన బరువు దాటొద్దు. గీ రెండూ ఉంటే పరీక్షలయినంక పోదువు గాని," అన్నాడు. ఉస్తాద్ చెప్పింది యాభై సేర్లు. అంతకు మించకుంటే నన్ను హైదరాబాద్ తీసుకుపోయి, తన పాత యజమాని లాయంలో చేర్పిస్తానన్నాడు.

తూకం ఎక్కడ? కొట్లో కాంటా మీద కాలు పెట్టడం మా ఇళ్లలో మహాపాపం. తక్కెడ అంటే లక్ష్మి. రోజూ పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే మొదటి బేరం. అందుకని బాపు పెరట్లో పాత తక్కెడ వేలాడగట్టాడు. కిలోలు వచ్చాక కొట్లోంచి తీసేసిన సేర్ల రాళ్లు ఒక మూల పడి ఉండేవి. ఒక పళ్లెంలో నేను కూర్చునేవాణ్ణి, రెండో దాంట్లో బాపు ఆ రాళ్లు పెట్టేవాడు. ఉస్తాద్ కూడా సంతోషించాడు. "షావుకారు తూకం మించిన తూకం ఉంటదా?" అన్నాడు.

దసరాకు సరిగ్గా యాభై తూగాను. ఆ రోజే అమ్మతో నెయ్యి వేయొద్దని చెప్పేశాను. నెల తిరిగేసరికి యాభై ఒకటి! కడుపు మాడ్చుకున్నాను. పూటకొక జొన్న రొట్టె, గ్లాసు మజ్జిగ, అంతే. మొలతాడు జారిపోతోంది, బుగ్గలు లోపలికి పోయాయి, తూకం మాత్రం యాభై ఒకటి దగ్గరే కదలకుండా కూర్చుంది.

ఇంకెవరు? అమ్మే. రొట్టె పిండిలో నెయ్యి కలుపుతోందని నాకు గట్టి అనుమానం. తిన్నాక చేయి కడుక్కుని, పళ్లెంలో నీళ్ల మీద జిడ్డు తేలుతుందేమోనని వంగి చూసేవాణ్ణి. జిడ్డు కనబడేది కాదు. అయినా నమ్మలేదు. అమ్మ ఒకరోజు అది చూసింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"నువ్వే నన్ను పోనిస్తలేవ్! దొంగతనంగ నెయ్యి కలుపుతున్నవ్!" అని పళ్లెం విసిరికొట్టాను.

"నీ తల మీద ఒట్టు, ఏస్తలేను," అంది. బిడ్డల తిండి దగ్గర తల్లులు ఎన్ని దొంగ ఒట్లయినా వేస్తారనుకున్నాను. ఛీ, ఎంత పాపిష్టి నోరు నాది!

పరీక్షలయ్యాయి. ఉస్తాద్ మా పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. బాపు రాళ్లు పెట్టాడు. యాభై ఒకటి. ఉస్తాద్ నన్ను ఎగాదిగా చూసి, "చాటుగ ఏం తింటున్నవ్ రా? గుర్రానికి నోరు లేదు, మనమే నోరు కట్టుకోవాలె. ఈ వారం దాటితే అక్కడ జాగ ఉండదు," అన్నాడు. గుర్రాలతో సహా మర్నాడే వెళ్లిపోయాడు. చాటుగా తినేవాడినన్న మాట మోసుకుంటూ నేను మిగిలాను.

పది రోజులకు తూనికల ఆఫీసు నుంచి ఒకాయన పాత రాళ్లు పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇరవై సేర్ల రాయి ఎత్తి, ఎందుకో తిరగేశాడు.

"దీంట్ల సీసం ఏది షావుకారూ?"

పోతపోసిన ఇనప రాయి తక్కువ తూగితే, అడుగున గుంటలో సీసం నింపి సరిచేస్తారు. ఆ గుంట ఖాళీగా ఉంది. రాయంతా తుప్పు, గుంట అంచుల మీద మాత్రం ఉలి గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన తూచి చూశాడు. రెండు సేర్లు తక్కువ.

ఆ లెక్కకు ఏ సూత్రాలూ అక్కర్లేదు. ఉస్తాద్ ముందు కూర్చున్న రోజు నేను నలభై తొమ్మిది సేర్లే.

"ఊడిపోయినట్టున్నది," అన్నాడు బాపు. గుప్పెట్లో బియ్యం పట్టి తులాలతో సహా బరువు చెప్పే మనిషి ఆయన. నా వైపు చూడలేదు.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆ మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం పెట్టింది. బాపు తలెత్తకుండా తింటున్నాడు. అమ్మ గిన్నె తెచ్చి, "ఇగనన్న తిను బిడ్డా," అని నా అన్నంలో నెయ్యి పోసింది.

తిన్నాక పళ్లెంలోనే చేయి కడుక్కున్నాను. నీళ్ల మీద జిడ్డు తేలింది. దసరా తర్వాత అదే మొదటిసారి. అమ్మ అక్కడే నిలబడి నన్ను చూస్తోంది.