ఎడమ చక్రం దగ్గర రెండు మిల్లీమీటర్లు

నాచారం పారిశ్రామికవాడలోని ఒక కర్మాగారంలో, తనిఖీ విభాగంలో, ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. లేత్ మీద నుంచి వచ్చిన ఇరుసుల్ని గేజ్‌తో కొలిచి, పనికొచ్చేవి ఒక ట్రేలో, పనికిరానివి ఇంకో ట్రేలో పెట్టడం నా ఉద్యోగం. అన్నేళ్లలో కొలతలో పొరపాట్లు చేసి ఉంటాను, కాదనను. కావాలని తప్పు కొలత చెప్పింది మాత్రం ఒక్కసారే. అదీ కర్మాగారంలో కాదు, మా ఇంటి పార్కింగ్‌లో, మా తమ్ముడికి.

తమ్ముడు నాకంటే ఏడేళ్లు చిన్న. పెళ్లి చేసుకోలేదు. మా ఆయన చనిపోయిన ఏడాదే వచ్చి మా పై అంతస్తులో చేరాడు. తను రిటైరైన నాలుగో నెలలో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది, రెండే సీట్లు, నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే నేను ముందు కూర్చుని, ఆ తర్వాత కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తీసుకోవాలి. మా వీధి నుంచి మెయిన్ రోడ్డుకు ఐదు స్పీడ్ బ్రేకర్లు. అందులో మూడింటిని ఏటవాలుగా ఎక్కించకపోతే కారు కడుపు గీసుకుంటుంది. ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక గంట తిరిగి రావడం, అతని సంతోషమంతా అదే.

కొన్న కొత్తలోనే ముందు టైర్ల లోపలి అంచులు అరిగిపోవడం కనిపెట్టాడు. చక్రాలు సరైన దిక్కుకు చూడటం లేదని, దాన్ని ఇంట్లోనే సరిచేసుకోవచ్చని ఎక్కడో చదివాడు. "కొలిచెటోళ్లు కావాలక్కా. తిప్పెటోన్ని నేనున్న," అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆరేళ్లుగా బీరువాలో పడి ఉన్న నా స్టీలు స్కేలు బయటికి తీశాను.

పార్కింగ్ నేల గేటు వైపు వాలుగా ఉంటుంది, నీళ్లు పోవడానికి. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మట్టం చూసి, గేటు వైపు చక్రాల కింద రెండేసి ఫ్లోర్ టైల్స్ వేయించాను. ప్రతిసారీ కారు ఒకేచోట నిలవాలి కనక, చక్రాల చుట్టూ ఎనామిల్ పెయింటుతో ముగ్గు చుక్కలు పెట్టాను. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏందమ్మా, ముగ్గు మీద కారు వెట్టిన్రా, కారు చుట్టు ముగ్గేసిన్రా?" అని నవ్వింది. నవ్వితే నవ్వింది. చుక్కలు మాత్రం ఈరోజుకీ చెరగలేదు.

కారుకు రెండు పక్కలా నాలుగు ఇనుప స్టూళ్లకు నైలాన్ దారం బిగించి కట్టేవాళ్లం. దారం నుంచి రిమ్ ముందు అంచుకు ఎంత దూరం, వెనక అంచుకు ఎంత దూరం అని నేను కొలవాలి. ముందు అంచు దగ్గర ఒక మిల్లీమీటరు ఎక్కువ రావాలి, అంటే చక్రాల ముక్కులు రవ్వంత లోపలికి తిరిగి ఉండాలి. తేడా వస్తే తమ్ముడు కింద పడుకుని, చక్రాన్ని స్టీరింగ్‌కు కలిపే కడ్డీని తిప్పేవాడు. తర్వాత కారును కొంచెం వెనక్కీ ముందుకీ నెట్టి, చుక్కల మధ్య నిలిపి, మళ్లీ కొలవాలి.

"ఎంతుందక్కా?"

"రెండున్నర."

"పావు చుట్టు తిప్పాల్నా?"

"పావు కంటె జర తక్కువ. పోయిన వారం చేసినట్టు చెయ్యకు, తమ్మీ. మెల్లగ."

అట్లా ఏడు ఆదివారాలు. ఒక్కసారి కూడా నాలుగు గంటలకు తక్కువ పట్టలేదు. అంకెలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. టైర్లు అరగడం తగ్గింది కానీ ఆగలేదు. అయినా ఆ ఏడు ఆదివారాల కోసం నేను శనివారం సాయంత్రమే ఇంటిపని ముగించుకునేదాన్ని.

ఎనిమిదో ఆదివారం నా మోకాలు వాచి మంచం దిగలేకపోయాను. తమ్ముడు ఒక్క వారం ఆగలేదు. ఉప్పల్ చౌరస్తా దాటాక ఉన్న ఒక చక్రాల అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్లి నలభై నిమిషాల్లో పని చేయించుకుని వచ్చాడు. అక్కడ మిషన్ నడిపేది ఒకామె. మధ్యాహ్నం భోజనంలో అతను "ఆమె" అనే మాట పదకొండు సార్లు అన్నాడు. నేను లెక్కపెట్టాను.

"ఆమె నన్నే సీట్ల కూసోవెట్టిందక్కా. మనిషి బరువు వడితే చక్రం వాలు మారుతదంట. మనం ఖాళీ సీటుతోని కొల్చినం. అందుకే అరుగుడు ఆగుత లేదంటది ఆమె."

పదమూడు.

అన్నం సహించలేదు. ఖాళీ సీటు సంగతి నాకు తట్టి ఉండాల్సింది. ఇరుసును బిగించకుండా కొలవకూడదని కొత్తవాళ్లకు నేర్పిన మనిషిని నేను. ఏడు ఆదివారాల్లో నాకు తట్టనిది ఆమె ఒక్క చూపులో చెప్పేసింది. అంకెలు రంగుల్లో అచ్చయిన కాగితం తెచ్చి, తమ్ముడు నా నోటుబుక్కు మీదే పెట్టాడు. ఆ కాగితాన్ని చూసినప్పుడు, ఇంట్లోకి కొత్తగా వచ్చిన కోడలి పెట్టె చూసిన అత్తలా అయిపోయాను. నవ్వు రావాల్సిన సంగతే. నాకు రాలేదు.

మోకాలు తగ్గాక, తరువాతి ఆదివారం అతనే అన్నాడు: "నీ దారంతోని గూడ ఒకసారి సూద్దాం అక్కా. ఆమె చెప్పినట్టు బరువు వెట్టి."

అతని బరువు ఎనభై రెండు కిలోలు. డ్రైవరు సీట్లో ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తాలు మూడు, ఐదు కిలోల గోధుమపిండి, రెండు కిలోల కందిపప్పు పెట్టించాను. దారం కట్టాం. కుడి చక్రం దగ్గర సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఎడమ చక్రం దగ్గరకు పోయి స్కేలు ఆనించాను. అక్కడా ఒకటి. వెంట్రుకవాసి తేడా లేదు. రెండోసారి కొలిచాను, ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని. దొరకలేదు.

"ఎడమకు ఎంతుంది?"

"మూడు," అన్నాను.

నోటి నుంచి ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం.  తమ్ముడు "అరే, మరి ఆమె ఒకటే వెట్టిన అన్నదే," అని గొణుగుతూ స్పానర్ తీసుకుని కింద దూరాడు. అతను తిప్పిన ప్రతిసారీ ఉన్నదానికి రెండు కలిపి చెప్పాల్సి వచ్చింది. "రెండుంపావు" అన్నాను. "ఒకటిన్నర" అన్నాను. "ఒకటి, చాలు" అన్నాను. సరిగ్గా ఉన్న చక్రాన్ని మూడు విడతల్లో పాడుచేయించాను. నోటుబుక్కులో మూడు అని రాశాను కూడా.

అంతసేపూ నా మనసులో ఉన్నది ఒక్కటే: ఇక ఉప్పల్ పోడు.

మరుసటి ఆదివారం రింగ్ రోడ్డు నుంచి అనుకున్న దానికంటే ముందే తిరిగొచ్చాడు. "తిన్నగ పోవాలంటె స్టీరింగ్ వంకర పట్టుకోవాల్సొస్తుందక్కా. స్పీడుల కొట్టుకపోతున్నది. ఒక లారీ పక్కకొచ్చినప్పుడు భయమైంది." ఆ లారీ మాట విన్నప్పుడే చెప్పేసి ఉండాల్సింది. అతను "ఆమెనే ఏదో ఖరాబు జేసింది, అడుగుదాం పా" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. ఆమెను చూడాలని ఉండింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. తలకు రుమాలు కట్టుకుని, ప్యాంటు, బూట్లు వేసుకుంది. నా కోసం కుర్చీ తెచ్చి ఫ్యాను కింద వేసింది. చక్రాలకు పరికరాలు తగిలించి, తెర చూసి, ఒకసారి కారు కిందికి వంగి వచ్చింది.

"అన్నా, నట్టు మీద నేను వెట్టిన తెల్ల గీత కదిలింది. ఎవరో తిప్పిన్రు. ఎడమకు రెండు మిల్లీమీటర్లు పోయింది."

"నేనే తిప్పిన," అన్నాడు తమ్ముడు. "మా అక్క కొల్చి చెప్పింది. నువ్వు మూడు మీద ఇడిసిపెట్టినవు. మా అక్క కొలతంటే కొలతే. నీ మిషన్ల ఏమున్నదో సూస్కో."

పక్కన తన బండి కోసం కూర్చున్న ఒకాయన లేచి నిలబడ్డాడు. "మిషన్ ఖరాబున్నదా ఏందమ్మా? మొన్న మా బామ్మర్ది కారు గూడ ఈడనే జేసిన్రు గద!"

ఆమె ముఖం వాడిపోయింది. "సరే అన్నా, మిషన్ను మొదటి నుంచి సెట్ జేసి సూస్త," అని పరికరాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. నేను కోరుకున్నదంతా నా కళ్ల ముందే జరుగుతోంది. పదిమందిలో తమ్ముడు నా పక్షాన నిలబడ్డాడు. ఆ సుఖం ఆమె రెండో పరికరం విప్పేదాకా కూడా నిలవలేదు.

"విప్పకమ్మా," అన్నాను. "మిషన్ మంచిగనే ఉన్నది. నేనే తప్పు చెప్పిన."

"పొరపాటు వడ్డవా అక్కా?" అన్నాడు తమ్ముడు, నన్ను కాపాడుతున్నట్టు.

"పొరపాటు గాదు. ఒకటి ఉంటె మూడు అన్న."

అతను నావైపు చూసి చూపు తిప్పుకున్నాడు. లేచి నిలబడ్డాయన మళ్లీ కూర్చున్నాడు. ఆమె మాత్రం చేతిలో పరికరం పట్టుకుని, "దారంతోని కొలిస్తె గూడ ఒకటే వచ్చిందా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. "మిషన్ లేకుండ ఒకటి పట్టినవంటె మస్తు చెయ్యి నీది," అంది. మనస్ఫూర్తిగా అంది. తిట్టినా అంత మంటగా ఉండేది కాదు.

ఆమె చక్రాన్ని మళ్లీ ఒకటి మీద పెట్టి ఇచ్చాక తిరిగి వస్తుంటే, హబ్సిగూడ సిగ్నల్ దగ్గర తమ్ముడు అడిగాడు. "ఇదొక్కటేనా అక్కా?"

"ఒక్కటే."

తలూపాడు. కానీ ట్రేలో ఒక్క చెడ్డ ఇరుసు దొరికితే ట్రే మొత్తం మళ్లీ కొలవాలని అతనికి చెప్పింది నేనే. ఏడు ఆదివారాల అంకెలూ ఆ క్షణంలో అతని కళ్ల ముందు నడిచి ఉంటాయి.

ఇక నన్ను పిలవడనుకున్నాను. రెండు వారాల తర్వాత, టైర్లలో గాలి పట్టించుకుని వచ్చి, దారం కడదామా అన్నాడు. బియ్యం బస్తాలు తనే మోసి సీట్లో పెట్టాడు. ఎడమ చక్రం దగ్గర స్కేలు ఆనించి, "ఒకటి," అన్నాను. అతను లేచి మోకాళ్లు దులుపుకుని, కారు చుట్టూ తిరిగొచ్చాడు. నా చేతిలోంచి స్కేలు తీసుకుని, ఒక కన్ను మూసి చూశాడు.

"ఒకటే ఉందక్కా," అన్నాడు. సిగ్గుపడ్డది అతను.

ఉప్పల్‌లో తెర మీద అంకె కనిపిస్తే అతను లేచి పోయి చూడడు. ఆమె చెబితే తలూపుతాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో మండుతుంది, దాచుకోను.

"కుడి పక్కది గూడ సూడు," అన్నాను.

చూశాడు.