కంట్లో నీళ్లు తెప్పించిన పూలగడ్డ

నిన్న ఫ్రిజ్‌లో కూరగాయల అర లాగి, లోపల పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కొత్తిమీర పక్కన, కాగితం సంచిలో, అచ్చం ఉల్లిగడ్డల్లాంటివి ఉన్నాయి. నిజాంపేటలోని మా ఫ్లాటు బాల్కనీ తోట కోసం కోడలు తెప్పించిన పూలగడ్డలవి. ఊదారంగు బంతుల్లా పూస్తాయట, మన ఎండల్లో మొలకెత్తాలంటే ముందు కొన్ని వారాలు ఇలా చల్లగా ఉంచాలట. "భయపడకండి అత్తయ్యగారూ, ఇవీ ఉల్లి జాతేనండి, కాకపోతే పూలకోసం పెంచేవి" అని ఆఫీసుకు వెళ్లిపోయింది. తింటే ఏమవుతుందో తనకూ తెలియదు. మా మనవరాలు ఆ ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీస్తుందో నాకు తెలుసు.

ఉల్లిగడ్డను పిడికిలితో చితక్కొట్టి, కారం అద్దుకుని జొన్నరొట్టెతో తిన్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. నా చిన్నతనంలో, అప్పటికింకా పల్లెటూరే అయిన నానక్‌రామ్‌గూడలో మా మధ్యాహ్నపు తిండి అదే. తోటమాలిగా పనిచేసే నాన్న ఒకసారి ఏదో బంగళాలో తవ్వి తీసిన ఎర్రలిల్లీ గడ్డలు తెచ్చి, తొలకరికి నాటుకోవచ్చులే అని ఉల్లిగడ్డల గంపలోనే పోశాడు. అమ్మ పొలానికి పోయిన వేళ, చూపు మందగించిన నానమ్మ అందులోంచి ఒకటి తీసి, చితక్కొట్టి చెల్లెలి రొట్టెలో పెట్టింది. కారం మంటలో చేదు తెలియలేదేమో, తినేసింది. కాసేపటికే వాంతులు పట్టుకుని, ఒళ్లు చల్లబడి, పిలిస్తే పలకడం మానేసింది. నాన్న దాన్ని భుజాన వేసుకుని దవాఖానకు పరుగెత్తుతుంటే, వెనకే ఏడుస్తూ పరుగెత్తిన నాకు చెల్లి ఇక ఇంటికి రాదనే అనిపించింది. బతికింది, అదే పదివేలు. మా ఇంట్లోంచి భయం మాత్రం పోలేదు.

ఆనాటి నుంచి అమ్మ ఏ ఉల్లిగడ్డనైనా ముందు తానే కోసి, ముఖం దగ్గర పెట్టుకుని చూసేది. "కంట్ల నీళ్లు రావాలె బిడ్డా, గప్పుడే అది ఉల్లిగడ్డ" అనేది. లిల్లీ గడ్డకు ఆ ఘాటు ఉండదు మరి. ఆ ఒక్క పరీక్షను నమ్ముకునే ఇన్నేళ్లూ వండాను, పిల్లల్ని పెంచాను.

నానమ్మ రొట్టెలు పెట్టిన వాకిట్లో ఇప్పుడు అద్దాల మేడ లేచింది. ఆ ఊరు పోయినా అమ్మ మాట నా దగ్గర ఉందనుకునేదాన్ని. నిన్న కోడలు తెచ్చిన గడ్డల్లో ఒకటి తీసి, కోసి, ముఖం దగ్గర పెట్టుకున్నాను. ఆ ఘాటుకు కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అమ్మ లెక్కలో అది ఉల్లిగడ్డే. ఇక మనవరాలికి నేనేం నేర్పను?