లెక్కలో ఖాళీగా ఉన్న పిల్ల

ఆబిడ్స్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో కూర్చుని పదకొండేళ్లుగా వ్యవసాయం చేస్తున్నాను. ఈ మాట చుట్టాలకు చెప్పి మా అమ్మ ఒకటే నవ్వుతుంది, ఇంట్లో తులసి మొక్కకు నీళ్లు పోయడం కూడా నాకు గుర్తుండదు కాబట్టి. నా చేను కంప్యూటర్లో ఉంటుంది. ఒక రైతు కుటుంబానికి నేల ఎంత, నీళ్లు ఎన్ని, పనిచేసేవాళ్లు ఎంతమంది అని అందులో నింపుతాను. ప్రభుత్వం కొత్త నిబంధన ఏదైనా తెస్తే ఆ కుటుంబం ఏం చేస్తుంది, దానికేం మిగులుతుంది, నేలకూ నీళ్లకూ ఏమవుతుంది అన్నది ఆ లెక్క ముందుగానే చెబుతుంది. మేము దాన్ని మోడల్ అంటాం.

నాలుగేళ్ల కిందట నాంపల్లిలో ఒక ప్రభుత్వ శాఖవాళ్లు మమ్మల్ని పిలిచారు. పత్తి చేలల్లో కొట్టే గడ్డిమందు వానకు కొట్టుకొచ్చి చెరువుల్లో కలుస్తోంది, చేపలు చస్తున్నాయి. మందు మానేసిన రైతుకు ఎకరాకు ఎంత సాయం ఇస్తే సరిపోతుందో లెక్కగట్టి చెప్పమన్నారు. నాకు ఆ పని తెగ నచ్చేసింది. చెరువులన్నీ నేనే బాగుచేస్తున్నట్టు కొన్నాళ్లు మహా గర్వంగా తిరిగాను.

ఊళ్లు తిరిగి వివరాలు తెచ్చేది మా ఆఫీసులో సర్వే చూసే పెద్దాయన. అఫ్జల్‌గంజ్ మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. ఫారంలో గడులు నింపి ఊరుకోరు, అంచుల్లో సన్నటి అక్షరాలతో ఏదో ఒకటి రాసుకొస్తారు. మేం నమూనాగా ఎంచుకున్న కుటుంబంలో పనిచేసేవాళ్లు ముగ్గురు: తండ్రి, తల్లి, పదహారేళ్ల కూతురు. పదిహేను దాటితే పెద్దవాళ్ల కింద లెక్కేయడం, ఇంటివాళ్ల పనికి కూలి సున్నా వేయడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ కూతురి గడి పక్కన ఆయన ‘ఇంటర్ చదువుతున్నది’ అని రాశారు.

“మేడమ్, గీ పిల్ల కాలేజీకి పోతది. పనిల ఎట్ల లెక్కవెడ్తరు?” అని అడిగారు.

“సెలవుల్లో చేస్తుంది లెండి. ఒక్క పిల్ల కోసం మోడలంతా మార్చమంటారా?” అన్నాను.

ఆయన టీ తాగడానికి కిందికి వెళ్లిపోయారు. నాకేమో గడువు తరుముతోంది, ప్రతిదానికీ విసుగ్గా ఉంది. ఆ విసుగును ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మోడల్ జవాబు చక్కగా వచ్చింది. కలుపు ఇంటివాళ్లే తీసుకుంటారు, కూలీలు పెద్దగా అక్కర్లేదు, కొద్దిపాటి సాయం చాలు. శాఖవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. నా సంతకంతో నివేదిక వెళ్లింది, ఆ వానాకాలమే కొన్ని ఊళ్లలో పథకం మొదలైంది.

మరుసటి వేసవిలో నాంపల్లిలో సమీక్ష సమావేశం పెట్టి ఆ ఊళ్ల రైతులను బస్సులో తీసుకొచ్చారు. భోజనాల వేళ పెద్దాయన ఒకావిడను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. “చెల్లె, లెక్క చేసింది గీ మేడమే” అని చూపించారు. నమూనా కుటుంబంలోని తల్లి ఆవిడే. మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీ చివర కూర్చుంది. మందు మానేశాక ఎలా ఉందని అడిగాను. మెచ్చుకుంటుందనే అడిగాను.

“చెర్ల నీళ్లు మంచిగైనయి మేడమ్, అబద్ధమెందుకు? కలుపుతోనే చావొచ్చింది. కూలోళ్లను పెడ్దామంటే మీరిచ్చిన పైసలు ఏ మూలకు సాలలే. బిడ్డను కాలేజీ బంద్ వెట్టిచ్చిన. రెండు నెలలే గదా అనుకున్న. హాజరు సాలదని పరీక్ష రాయనియ్యలే.”

మోడల్ తప్పయిందని అనడానికి కూడా లేదు. ముగ్గురూ కలిసి కలుపు తీస్తారని చెప్పింది, ముగ్గురూ తీశారు. అంత కచ్చితంగా నా లెక్క ఎప్పుడూ నిజం కాలేదు.

“ఆబిడ్స్‌ల పాత బుక్కులు అగ్గువకు దొరుకుతయట గద మేడమ్? ఇంట్ల ఉండి చదువుకుంటనంటున్నది పిల్ల” అంది ఆవిడ. ఆ రోజు బుధవారం. ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచేది ఆదివారాలే. నేను కొని పంపిస్తానని మాటిచ్చాను. చల్లగుండమని దీవించి బస్సు దగ్గరికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే మోడల్ తెరిచి, ఆ పిల్ల పనిగంటలు తీసేసి మళ్లీ నడిపించాను. పరిష్కారం లేదని వచ్చింది. పిల్ల చదువుకుంటే ఆ కొద్ది సాయంతో ఆ చేను నడవదు. సాయం పెంచాలని మర్నాడే శాఖకు ఉత్తరం రాశాను. ఈ ఏటికి రేట్లు ఖరారైపోయాయి, వచ్చే ఏడు చూద్దాం అని మర్యాదగానే జవాబిచ్చారు. ఆ రేట్లకు ఆధారమంటూ నా నివేదికనే జతచేసి పంపారు.

ఆదివారం ఫుట్‌పాత్ అంతా వెతికి ఇంటర్ పుస్తకాలు కొన్నాను. అందులో ఒకదానికి కొత్త అట్ట కూడా వేశాను, దాంతో ఏదో చేసినట్టు. వానలు పడ్డాక పెద్దాయన ఆ ఊరు వెళ్తూ వాటిని తీసుకెళ్లారు.

ఆయన తిరిగొచ్చిన రోజు ఇంకా సంచి కూడా దించకముందే అడిగాను, పిల్లకు ఇచ్చారా అని.

“చేన్లకే పోయి ఇచ్చిన మేడమ్. కలుపు తీస్తున్నది. చేతులు తుడుసుకొని తీస్కున్నది.”

“ఏమైనా అందా?”

ఆయన సంచి దించి కుర్చీ పక్కన పెట్టారు. “మా ఇంటి లెక్క చేసిన మేడమ్ ఎన్నడన్న మా ఊరికి వచ్చిందా అని అడిగింది. రాలేదన్న.”

ఆ ఊరు ఇక్కణ్నుంచి బస్సులో మూడు గంటల దారి. నేను ఇప్పటికీ వెళ్లలేదు.