కోతపడ్డ కందవాయిలు

నేను రిటైరవడానికి ముందు ఏడాది, ఆశ్వయుజ మాసంలో నన్ను కళింగపట్నం తీరానికి వేశారు. చేపల పరిశోధన విభాగంలో టెక్నికల్ అసిస్టెంటుని. సైంటిస్టుకి కింద, డ్రైవరుకి పైన. మా వైపు కొమ్ము కోనాం అనే కత్తిచేప ఏం తింటుందో తేల్చడం నా పని. కడుపు కోసి, అందులోవి జల్లెడలో కడిగి, ఏ జీవివో గుర్తుపట్టి తూకం వేయాలి. కందవాయి, అంటే స్క్విడ్, ఒళ్లంతా అరిగిపోయినా నల్లటి ముక్కు మిగులుతుంది, దాన్నిబట్టే లెక్క. ఇంట్లోవాళ్లు నన్ను పెరట్లో స్నానం చేశాకే లోపలికి రానిచ్చేవారు.

కోనాం పగలు లోతుకు దిగిపోతుంది. చీకట్లో ఎర వెంట పైకొచ్చి, మందలోకి చొరబడి, కత్తిలా పొడుచుకొచ్చిన మూతిని అటూ ఇటూ విసురుతుంది. తెగినవాటిని తీరుబడిగా మింగుతుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. చూసింది మాత్రం బల్ల మీద చచ్చిన చేపల్నే.

ఒకరోజు ఎర్రయ్య అనే జాలరి ఫైబర్ పడవలో నేనూ వెళ్లాను. ఇంజను దగ్గర అతని బావ అప్పలరాజు. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. గాలాల తాడు లాగుతుండగా అది నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకి చుట్టుకుంది. దాన్ని కోయడానికి ఎర్రయ్య చాకు తీసుకుని నీళ్లలోకి దిగాడు.

అంతలో పడవ పక్కన కందవాయిలు తేలాయి. ఒకటి సగానికి తెగి ఉంది, ఇంకోదానికి తల లేదు. అప్పలరాజు సంబరపడ్డాడు. తేలిన కందవాయిని వాళ్లు వదలరు, మర్నాడు గాలాలకు గుచ్చుతారు.

"ఒరే ఎర్రిగా, ఆటిని కూడా ఏరుకొచ్చీరా!"

"ఎన్నున్నాయేటి బావా?" అంటూ ఎర్రయ్య అటు ఈదాడు.

ఆ ముక్కల మీద రంగులు ఇంకా మారుతున్నాయి. అంటే ప్రాణం ఇంకా పూర్తిగా పోలేదు, అప్పుడే తెగినవి. తెగ్గోసింది కిందే ఉంది, వాటి కోసం మళ్లీ వస్తుంది. అప్పలరాజు భుజం కుదిపి, "కోనాం" అన్నాను. అతను ఎర్రయ్య వైపు తిరిగి అరిచాడు.

"ఒగ్గీరా! ఒగ్గీసి పైకొచ్చీరా! కింద కోనాం ఉన్నాది!"

ఎర్రయ్య వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. ఇద్దరం అతని చేతులు పట్టి లాగుతుండగా నీటి కింద పొడుగ్గా ఏదో తిరిగింది. పడవ అడుగున పడ్డ దెబ్బ నా అరికాళ్లకు తెలిసింది. ఎర్రయ్య "అమ్మా" అన్నాడు. పైకి తీశాక చూస్తే పిక్క మీద అడ్డంగా కోత, ఎముక కనిపిస్తోంది. తువ్వాలుతో బిగించి కట్టాం. ఫ్యానుకి తాడు అలాగే ఉంది, దిగి విప్పేందుకు ఎవరికీ ధైర్యం లేదు. వేరే పడవ వచ్చి మమ్మల్ని లాక్కెళ్లేదాకా నేను నడిమధ్యన కూర్చుని, సిగ్గన్నది లేకుండా వణికాను.

ఎర్రయ్య బతికాడు. కుంటుతూనే ఇప్పటికీ వేటకెళ్తున్నాడు.

ఆ కోనాం దొరికి, నేను దాని కడుపు కోసి ఉంటే కందవాయిలే కనిపించేవి, ఎర్రయ్య జాడ ఉండేది కాదు. అది మనిషిని తినదు. కత్తి విసిరేటప్పుడు మాత్రం ఏది తెగుతుందో చూసుకోదు. కడుపు చెప్పేది చేప తిన్నదాని గురించే, కోసి వదిలేసినదాని గురించి కాదు. మిగిలిన సర్వీసంతా పడవ ఎక్కే ప్రతి మనిషికీ ఒకే మాట చెప్పాను: తెగిన కందవాయి తేలితే నీళ్లలో చెయ్యి కూడా పెట్టొద్దు.